నేర్పునకు జూదశాలలో వెల ఎంత?

మహాభారతములోని నలోపాఖ్యానము చదివిన విద్యార్థులకు ఒక సన్నివేశము చిరకాలము గుర్తుండును. పుష్కరునితో జూదమాడి రాజ్యమంతయు పోగొట్టుకొన్న నలుడు, బాహుకుడను పేరుతో ఋతుపర్ణుని కొలువులో సారథియై యుండెను. ఒకనాడు రథము పోవుచుండగా ఆ రాజు త్రోవలోని తాండ్రచెట్టును చూచి, దాని ఆకులెన్నియో కాయలెన్నియో అప్పటికప్పుడు లెక్క చెప్పెను. నలుడు రథము నిలిపి, చెట్టు దగ్గరకు పోయి, స్వయముగా లెక్కించి చూచి ఆశ్చర్యపడెను. తన అశ్వహృదయమును రాజున కిచ్చి, రాజు నెరిగిన అక్షహృదయమును తాను గ్రహించెను. ఆ పిమ్మట పుష్కరునితో మరల ఆడి గెలిచెను.

ఈ కథలో పాచికల రహస్యమును, చెట్టు ఆకులను లెక్కించు విద్యను కవి ఒక్కచోట చేర్చినాడు. జూదములో నేర్పనునది ఏదైన ఉన్నచో అది లెక్కలోనే ఉన్నదని ప్రాచీనులు గ్రహించిరి. ఐరోపాలో పాస్కల్, ఫెర్మా అను ఇరువురు గణితజ్ఞులు 1654లో ఉత్తరములు వ్రాసికొనుచు జూదపు పందెములను గూర్చి చర్చింపగా సంభావ్యతాశాస్త్రము రూపు దాల్చినదని గణితచరిత్రకారులు చెప్పుదురు. అడవిలో ఋతుపర్ణుడు చెప్పిన పాఠమును వారు కాగితము మీద చెప్పిరి.

నేడు ఆ ప్రశ్న మరల దేశము ముందుకు వచ్చినది. భారత పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ ఆటలను గూర్చి ఒక చట్టము చేసినది. ఆగస్టు 22న రాష్ట్రపతి దాని నామోదించిరి. డబ్బు ఒడ్డి ఆన్‌లైనులో ఆడు ఆట నేర్పుతో కూడినదైనను, అదృష్టముతో కూడినదైనను, రెండును కలిసినదైనను నిషిద్ధమేయని ఆ చట్టము చెప్పుచున్నది. నేర్పును అదృష్టమును ఒకే గాట కట్టుట న్యాయమా యని కొందరును, కుటుంబములు కూలుచుండగా ఈ భేదమెందుకని మరికొందరును వాదించుచున్నారు. ఈ వాదమున తీర్పు చెప్పదలచిన వాడు మొదట తెలిసికొనవలసిన సంగతి ఒకటి కలదు. జూదశాలలో ఆడు ఆటలలో నేర్పునకు తావున్నవి ఏవి? ఉన్నచో, ఆ నేర్పునకు దక్కు ఫలమెంత?

జ్ఞాపకము లేని చక్రము

నేర్పునకు తావున్నదా లేదా యని తెలిసికొనుటకు సులువైన పరీక్ష యొకటి కలదు. ఆటగాడు తలచుకొన్నచో బుద్ధిపూర్వకముగా చెడ్డగా ఆడగలడా? చదరంగములో ఆడగలడు. బ్రిడ్జిలో ఆడగలడు. రౌలెట్ చక్రము ముందు కూర్చున్నవాడు ఎంత ప్రయత్నించినను ఒక అంకె మీద మరియొక అంకె కంటె చెడ్డగా పందెము వేయలేడు. చెడ్డగా ఆడుటకు వీలులేని ఆటలో బాగుగా ఆడుటకును వీలులేదు.

ఐరోపా పద్ధతి రౌలెట్ చక్రములో 37 గళ్ళుండును. ఒక అంకె మీద రూపాయి ఒడ్డి గెలిచినచో 35 రూపాయలు లాభమును, ఒడ్డిన రూపాయియు చేతికి వచ్చును. ఒకడు 37 గళ్ళ మీదను తలకొక రూపాయి చొప్పున ఒడ్డినాడనుకొన్నచో, వాడు ఇచ్చినది 37, వానికి వచ్చునది 36. గోళీ ఎక్కడ ఆగినను ఒక రూపాయి జూదశాలకు దక్కును. అనగా నూటికి 2.70. అమెరికా చక్రములో సున్నతో పాటు జంటసున్న కూడ ఉండుటచే గళ్ళు 38 అగును, చెల్లింపు మాత్రము మారదు. అచట శాల వాటా నూటికి 5.26. ఇందులో మోసమేమియు లేదు. లెక్క బాహాటముగా బల్ల మీదనే వ్రాయబడి యున్నది.

అయినను మనుష్యులు చక్రమునందు నేర్పును వెదకుచునే యుందురు. పడిన అంకెలను కాగితము మీద వ్రాసికొందురు. 1913 ఆగస్టు 18న మాంటీకార్లోలో గోళీ వరుసగా 26 పర్యాయములు నలుపు మీదనే ఆగినదని ప్రసిద్ధి. నలుపు పడిన కొలది ఇక ఎరుపు రాక తప్పదని జనము ఎరుపు మీద ఒడ్డి ఒడ్డి చాల ధనము పోగొట్టుకొనిరి. వారు ఒక చిన్న సంగతి మరచిరి. చక్రమునకు జ్ఞాపకము లేదు. క్రిందటి ఆటలో ఏమి జరిగినదో దానికి తెలియదు.

స్లాట్ యంత్రములును, పాచికలతో ఆడు క్రాప్స్ అను ఆటయు, బాకరా అను పేకాటయు ఈ తరగతిలోనివే. బాకరాలో ఎప్పుడు ముక్క తీయవలెనో నియమములే నిర్ణయించును, ఆటగాడు నిర్ణయింపడు. వానికి మిగిలిన స్వేచ్ఛ యొక్కటే, ఏ పందెము వేయవలెనను ఎంపిక. బ్యాంకరు పక్షమున ఒడ్డినచో శాల వాటా నూటికి 1.06. ఇరుపక్షములు సమానమగునని ఒడ్డినచో, ఒకటికి ఎనిమిది చొప్పున చెల్లించు చోట, నూటికి 14కు పైగా అగును. క్రాప్సులో పాస్ లైను అను సామాన్య పందెమున శాల వాటా నూటికి 1.41. దారుణమైన పందెమును విడిచి స్వల్పనష్టపు పందెమును ఎన్నుకొనుట వివేకమే. కాని అది ఆటలో నేర్పు కాదు. వడ్డీ తక్కువగా నున్న అప్పును ఎన్నుకొన్నవాడు ధనికుడు కాడు గదా.

జ్ఞాపకము కల పేక

బ్లాక్‌జాక్ అను ఆటతో కథ మారును. ఆటగాని ముక్కల మొత్తము 21ని మించరాదు, పంచువాని మొత్తమునకు మించియుండవలెను. ఇంకొక ముక్క తీసికొనవలెనా, ఆగవలెనా, పందెము రెట్టింపు చేయవలెనా అనునవి ఆటగాని చేతిలోనివి. కావున ఇచట చెడ్డగా ఆడవచ్చును, బాగుగాను ఆడవచ్చును.

ఎంత బాగుగా ఆడవచ్చునో మొదట లెక్కకట్టినవారు జూదగాండ్రు కారు. అమెరికా సైన్యములో పనిచేసిన నలుగురు యువకులు బల్ల మీది గణకయంత్రములతో శ్రమపడి, ఏ ముక్కల కెట్లు ఆడిన నష్టము తక్కువో తేల్చి, 1956లో అమెరికా గణాంకశాస్త్ర సంఘపు పత్రికలో ప్రకటించిరి. ఆ పద్ధతిని తప్పకుండ పాటించిన వానికి, నియమములు అనుకూలముగా నున్నచోట, శాల వాటా నూటికి సుమారు అర రూపాయికి దిగును. తోచినట్లు ఆడువానికి నష్టము అంతకు కొన్ని రెట్లుండును. ఈ తేడాయే నేర్పు.

1962లో ఎడ్వర్డ్ థార్ప్ అను గణితాచార్యుడు 'బీట్ ది డీలర్' అను గ్రంథముతో ఇంకొక మెట్టెక్కెను. రౌలెట్ చక్రమునకు లేని జ్ఞాపకము పేకకు కలదు. బల్ల మీద పడిన ముక్కలు మరల కలుపువరకు తిరిగి రావు. చిన్న ముక్కలు ఎక్కువగా వెళ్ళిపోయినచో మిగిలిన పేకలో ఆసులును పదులును దట్టముగా నుండును. ఆ సమయము ఆటగానికి అనుకూలము. ఏలననగా మొదటి రెండు ముక్కలతోనే 21 వచ్చిన వానికి ఒడ్డిన దానికి ఒకటిన్నర వంతు చెల్లింతురు. పంచువాడో, తన మొత్తము 16 లోపల నున్నంతవరకు ముక్క తీయక తప్పదు గనుక, 21ని దాటి ఓడిపోవుటయు తరచగును. అట్టి సమయమున పందెము పెంచి, తక్కిన వేళల తగ్గించినవాడు దీర్ఘకాలమున శాలను గెలువగలడని థార్ప్ నిరూపించెను. ఋతుపర్ణుడు ఆకులు లెక్కించినట్లు ఇతడు ముక్కలు లెక్కించినాడు.

జూదశాలలు ఈ విద్యను చూచి చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఒక పేకకు బదులు ఆరేసి, ఎనిమిదేసి పేకలు కలిపి ఆడింపసాగిరి. పేక సగములో నుండగనే మరల కలుపసాగిరి. కొన్నిచోట్ల నూటికి నూటయేబది చెల్లించుటకు మారుగా నూటయిరువదియే చెల్లించుచున్నారు. ఈ ఒక్క మార్పు చేతనే శాల వాటా నూటికి 1.4 వరకు పెరుగును. అన్నిటికి మించి, ముక్కలు లెక్కించువానిని గుర్తించి బయటికి సాగనంపుట కలదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు సుప్రీంకోర్టు 1982లో, ముక్కలు లెక్కించినంత మాత్రమున ఒకనిని వెడలగొట్టు అధికారము జూదశాలకు తనంతట లేదని తీర్పు చెప్పెను. నెవాడా రాష్ట్రములో అట్టి రక్షణ లేదు. ముక్కలు లెక్కించుట నేరము కాదు, మోసమును కాదు, బుద్ధిని ఉపయోగించుట మాత్రమే. నేర్పున కాహ్వానము పలికిన శాల, ఆ నేర్పు నిజముగా కనబడినంతనే తలుపు చూపుచున్నది.

తోటి ఆటగాని జేబు

పోకరు సంగతి వేరు. దీనిలో ఆటగాడు శాలతో ఆడడు, తోటివారితో ఆడును. చేతిలోని ముక్కలను దాచి, ఎదుటివాని పందెమును బట్టి వాని ముక్కల నూహించి, ఎప్పుడు విడువవలెనో ఎప్పుడు నిలువవలెనో తేల్చుకొనుట ఇందులోని విద్య. జూదశాలలలో ఆడు ఆటలన్నిటిలోను నేర్పునకు మిక్కిలి చోటున్నది దీనిలోనే యని చెప్పవచ్చును.

దీనికి యంత్రములే సాక్ష్యము పలికినవి. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు ఇద్దరాడు పోకరులో ఒక రకమునకు, ఎంత నిపుణుడైనను దీర్ఘకాలమున గెలువలేని పద్ధతిని 2015లో కనుగొనిరి. అమెరికాలోని పిట్స్‌బర్గులో 2017 జనవరిలో 'లిబ్రేటస్' అను కంప్యూటరు కార్యక్రమము నలుగురు ఆరితేరిన ఆటగాండ్రతో పోటీపడి గెలిచినది. కేవల అదృష్టపు ఆటలో యంత్రమునకైనను పైచేయి యుండదు.

అయితే ఆ పోటీ జరిగిన తీరు గమనింపదగినది. ఇరువది దినములలో 1,20,000 పంపకములు ఆడించిరి. ఒక బల్ల వద్ద యంత్రమునకు వచ్చిన ముక్కలే మరియొక బల్ల వద్ద మనుష్యునకు వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. ఇదంతయు ఎందుకు? అదృష్టమును తీసివేసి నేర్పును మాత్రమే కొలుచుటకు. పెద్ద బ్రిడ్జి పోటీలలోను ఇదే మర్యాద. ఒక జట్టు ఆడిన ముక్కలనే మరియొక జట్టునకును ఇచ్చి, ఎవరు బాగుగా ఆడిరో పోల్చుదురు. నేర్పును గౌరవింపదలచిన చోట మనుష్యులు అదృష్టమును తొలగించుటకు ఇంత శ్రమపడుదురు. జూదశాల ఏనాడును ఆ శ్రమ పడదు.

దానికి కారణము లేకపోలేదు. జూదశాలలో చదరంగపు బల్లలు కనబడకుండుటకును అదే కారణము. చదరంగములో తక్కువవాడు పది ఆటలలో పదియు ఓడి, తాను తక్కువవాడనని గ్రహించి లేచిపోవును. పోకరులో తక్కువవాడు అప్పుడప్పుడు గెలుచును. గెలిచినప్పుడు అది తన నేర్పనుకొనును, ఓడినప్పుడు అదృష్టము కలిసి రాలేదనుకొనును. మరునాడు మరల వచ్చును. నేర్పు కొంత, అదృష్టము కొంత కలిసిన ఆటయే ఆటగానిని ఎక్కువకాలము పట్టియుంచునది. అందులోని నేర్పు ఆశకు ఆధారము, అందులోని అదృష్టము ఓటమికి సాకు.

పోకరు బల్ల వద్ద శాల పందెము కాయదు. ప్రతి ఆటలోను పోగైన సొమ్ములో కొంత భాగము తీసికొనును. ఈ పద్ధతి క్రొత్తది కాదు. గెలిచినవాని పణములో నూటికి అయిదు వంతులు ద్యూతాధ్యక్షుడు గ్రహింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించుచున్నది. బల్ల చుట్టు కూర్చున్నవారందరి సొమ్ము కలిపి చూచినచో అది గంటగంటకు తరుగుచునే యుండును. నేర్పరి గెలుపంతయు నేర్పులేనివాని జేబు నుండి రావలసినదే, శాల వాటాయు అక్కడి నుండే పోవలసినదే.

ఒక సాయంకాలపు లెక్క

నేర్పు విలువను రూపాయలలో చూచినచో సంగతి స్పష్టమగును. ఒకడు గంటకు 60 ఆటల చొప్పున అయిదు గంటలు, ఆటకు నూరు రూపాయలు ఒడ్డి ఆడినాడనుకొన్నచో, మొత్తము 300 ఆటలకు వాడు ఒడ్డినది 30,000 రూపాయలు. ఐరోపా రౌలెట్ వద్ద సగటు నష్టము సుమారు 810 రూపాయలు. బ్లాక్‌జాక్ బల్ల వద్ద పద్ధతి తప్పక ఆడినవాని సగటు నష్టము 150. ముక్కలు లెక్కించి నూటికి ఒక రూపాయి లాభము సంపాదింపగల అరుదైన నేర్పరికి సగటు లాభము 300.

కాని సగటు వేరు, ఒకనాటి అనుభవము వేరు. బ్లాక్‌జాకులో 300 ఆటలకు అదృష్టము చేత కలుగు ఊగిసలాట సుమారు 2,000 రూపాయలు. అనగా మూడు సాయంకాలములలో రెంటియందు ఫలితము సగటునకు అటునిటు రెండువేల లోపల నుండును, మూడవ దానియందు అంతకును మించును. రెండువేల అలల మీద మూడువందల నేర్పు తేలుచున్నది. లెక్క కట్టి చూచినచో ఆ నేర్పరి నూరు సాయంకాలములలో సుమారు 44 సాయంకాలములు ఓడిపోవును. నేర్పేమియు లేక రౌలెట్ చక్రము వద్ద ఎరుపు మీదనే ఒడ్డినవాడు నూటికి ముప్పదికి పైగా సాయంకాలములు గెలిచి ఇంటికి పోవును.

నేర్పు వలని లాభము అదృష్టపు ఊగిసలాటతో సమానమగుటకు ఆ నేర్పరికి 13,000కు పైగా ఆటలు కావలెను. అనగా నలువది నాలుగు సాయంకాలములు. నిస్సందేహముగా దాని నధిగమించుటకు ఇంచుమించు నూట డెబ్బదియైదు సాయంకాలములు. పందెమును పెంచి తగ్గించుటచే ఊగిసలాట ఇంకను పెరుగును గనుక నిజమునకు ఈ అంకెయు చాలదు. అంతకాలము ఓడుచు గెలుచుచు నిలువగల ధనమును, అలసిపోని బుద్ధియు, ఒక్క ఓటమికి చలింపని మనస్సును ఎందరికి కలవు? కావున ఒక వారము గెలిచినవాడు తాను నేర్పరినని నిర్ణయించుకొనుటకు ఆధారము లేదు. పది దినములలో నాలుగువేలు గెలిచిన కళాశాల విద్యార్థి మోసపోవునది శాల చేత కాదు, తన అనుభవము చేతనే.

న్యాయస్థానములు చెప్పినది

ఈ నేర్పు-అదృష్ట విచారములో తెలుగుదేశమునకు ప్రత్యేకస్థానము కలదు. బహుమతి పోటీలను గూర్చి సుప్రీంకోర్టు 1957లోనే, ఫలితము గణనీయముగా నేర్పు మీద ఆధారపడిన పోటీ జూదము కాదని చెప్పియుండెను. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో సభ్యులు డబ్బునకు రమ్మీ ఆడుచుండగా పోలీసులు పట్టుకొనిరి. హైదరాబాదు జూదచట్టము క్రింద నడచిన ఆ వ్యాజ్యము ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టునకు పోయినది. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదయతుల్లా తీర్పు చెప్పిరి. రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెను, ఏది ఉంచవలెనో ఏది పారవేయవలెనో నేర్పుతో నిర్ణయింపవలెను. కావున అది మూడు ముక్కలాట వంటి కేవల అదృష్టపు ఆట కాదు, ప్రధానముగా నేర్పుతో కూడినది. బ్రిడ్జిలో ముక్కలు పంచునప్పుడు ఎంత అదృష్టము కలదో దీనిలోను అట్టిదే కలదు. ఇది ఆ తీర్పు సారాంశము.

తరువాతి కాలమున ఈ వాక్యములే రమ్మీ వ్యాపారులకు కవచమైనవి. కాని ఆ తీర్పులోనే ఇంకొక భాగము కలదు. ఆడించువాడు ఆ ఆట వలన తాను లాభము గడించుచున్నాడని రుజువైనచో, ఆట రమ్మీయైనను నేరము నిలువవచ్చునని న్యాయమూర్తులు హెచ్చరించిరి. ఆ క్లబ్బు వసూలు చేసిన స్వల్పరుసుము అట్టి లాభము కాదని మాత్రమే తేల్చిరి. అనగా వారు అడిగిన ప్రశ్నలు రెండు. ఆటలో నేర్పున్నదా యనునది మొదటిది. ఆ ఆట మీద ఎవడు బ్రతుకుచున్నాడనునది రెండవది. లోకము మొదటి దానిని కంఠస్థము చేసి, రెండవ దానిని విస్మరించినది.

1996లో గుఱ్ఱపు పందెములు నేర్పుతో కూడినవని సుప్రీంకోర్టు చెప్పినప్పుడును మొదటి ప్రశ్నయే ప్రముఖమైనది. ఇంతలో ఆట క్లబ్బు గది విడిచి చేతి ఫోనులోనికి వచ్చినది. నలుగురు పరిచితులు కూర్చుండి ఆడు రమ్మీకిని, ముఖమెరుగని వేలమందితో రేయింబవళ్ళు ఆడు రమ్మీకిని పేరొక్కటే గాని స్వభావమొక్కటి కాదు. క్లబ్బులో దీపములార్పు వేళ ఉండెను, ఫోనునకు అట్టి వేళ లేదు. ఎదుట కూర్చున్నది మనుష్యుడో యంత్రమో కూడ తెలియదు. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను తమ 1974 నాటి జూదచట్టమును సవరించి, డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినవి.

2025 కేంద్రచట్టము ఈ త్రోవనే ఇంకను దూరము పోయినది. డబ్బుతో ఆడు ఆన్‌లైన్ ఆటలను నడపువారికి మూడేండ్ల వరకు కారాగారమును, కోటి రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. ఆడినవానిని మాత్రము అది నేరస్థునిగా చూడదు. క్రీడాస్వభావము కల ఎలక్ట్రానిక్ పోటీలను వేరుగా గుర్తించి ప్రోత్సహింపదలచినది. దాని మీద వ్యాజ్యములు హైకోర్టులలో దాఖలై సుప్రీంకోర్టునకు బదిలీ యైనవి. గోవా నదీజలములపై నిలిచిన ఓడలలోను, సిక్కిములోను నడచు జూదశాలలు ఆయా రాష్ట్రముల చట్టములకు లోబడినవి, ఈ చట్టము వాని జోలికి పోలేదు. ఇచట ఒక అసంగతము కనబడక మానదు. నేర్పున్న రమ్మీ ఫోనులో నిషిద్ధము. నేర్పు లేశమును లేని రౌలెట్ ఓడ మీద అనుమతము.

నేర్పుకు వ్యతిరేకముగా చట్టము చేసిరను విమర్శలో కొంత నిజము లేకపోలేదు. బుద్ధితో గెలుచువానిని అదృష్టముతో గెలుచువానితో సమానము చేయుట తర్కమునకు నిలువదు. కాని నిపుణుడొకడు గెలుచుటకు ఎందరు అనిపుణులు ఓడవలెనో కూడ లెక్కలోనికి తీసికొనవలెను. ఆటలో నేర్పు పెరిగినకొలది బలహీనుని ఓటమి మరింత నిశ్చయమగును. రౌలెట్ చక్రము పండితుని పామరుని సమముగా దోచును. నేర్పుతో కూడిన జూదము పామరుని నుండి తీసి పండితున కిచ్చి, నడుమ తన వాటా మినహాయించుకొనును. కావున 'ఇది నేర్పు ఆట' యను మాట ఓడువానికి ఊరట కాదు, హెచ్చరిక.

తరగతి గదికి పాఠము

ఈ విషయమున చట్టము చేయలేని పని ఒకటి ఉపాధ్యాయుడు చేయగలడు. తరగతిలోని నలువదిమంది పిల్లలను నిలువబెట్టి, తలకొక నాణెము ఎగురవేయుమని చెప్పి, బొరుసు పడినవారిని కూర్చుండబెట్టవచ్చును. అయిదవ పర్యాయమునకు ఒకరో ఇద్దరో నిలిచియుందురు. నిలిచినవానిని 'నీవు బొమ్మ ఎట్లు వేసితివి?' అని అడిగినచో తరగతియంతయు నవ్వును. వానికి నేర్పు లేదని అందరికి తెలియును. వాని చుట్టు కూర్చున్న ముప్పదియెనిమిది మందియు కంటి కెదుట కనబడుచుండుటయే దానికి కారణము. ప్రకటనలలో కనబడునది నిలిచినవాడు మాత్రమే. కూర్చున్నవారిని ఎవరును చూపరు. సంభావ్యతాశాస్త్రమును పరీక్షల కొరకు వల్లించిన విద్యార్థి కూర్చున్నవారిని కూడ లెక్కించుట నేర్చినచో ఆ పాఠము జీవితమునకు పనికివచ్చును.

బ్లాక్‌జాక్ నేర్పుకు శాల తలుపు మూసినను, పోకరు నేర్పుకు శాల పన్ను వేసినను, ఆ నేర్పు తనంతట నింద్యము కాదు. ముక్కలను జ్ఞాపకముంచుకొను బుద్ధి, ఎదుటివాని మనస్సును చదువు బుద్ధి, లాభనష్టములను తూచు బుద్ధి వేరొక చోట వేరొక ఫలము నియ్యగలవు. థార్ప్ ఆ లెక్కలనే పిమ్మట ధనవ్యాపారములో ప్రయోగించి పేరు పొందెను. నేర్పు కలవానికి జూదశాల మిక్కిలి ప్రియమైన సంత. అచట ప్రవేశమునకే వెల చెల్లించవలెను, నిలుచుటకు వెల చెల్లించవలెను, మిక్కిలి గెలిచినచో బయటికి పోవలెను.

నలుడు అక్షహృదయము నెరిగిన పిమ్మట దేశదేశముల తిరిగి జూదమాడలేదు. పుష్కరునితో ఒక్కసారి ఆడి, తన రాజ్యము తాను తీసికొని, ఓడిన తమ్మునకు వాని భాగము వానికిచ్చి, ఆదరించి పంపెను. పాచికల మర్మము తెలిసిన తరువాత వాని మీద అతనికి పని లేకపోయెను.